ఉడకబెట్టిన కంకర

మా డాబా మీద నుంచి,
సోమవారం పొద్దున.

బావమరిదికి,

నీ కాలు ఎలా ఉంది? ముందు అది అడగడం మర్యాద కనుక అడుగుతున్నాను. జవాబు కూడా ముందు అదే రాయి, మిగతావి తర్వాత.

ఫోన్ ఉండగా ఈ ఉత్తరమేమిటి అనుకుంటావు. ఫోన్ చేస్తే మీ అక్క ఎత్తుతుంది. "తిన్నారా?" అంటుంది. "తిన్నాను" అంటాను. "బీపీ మాత్ర వేసుకున్నారా?" అంటుంది. "వేసుకున్నాను" అంటాను. అంతటితో ఇద్దరికీ మాటలు అయిపోతాయి. చెప్పాల్సినవన్నీ పెట్టేశాక గుర్తొస్తాయి. ఇన్నేళ్ళు ఒకే ఇంట్లో ఉన్నాం కదా, దూరం నుంచి ఏం మాట్లాడుకోవాలో మాకు అలవాటు కాలేదు. నీకైతే రాయొచ్చు. మధ్యలో అడ్డురావు. పైగా కాలికి కట్టుతో కూర్చున్నావు కనుక చదవక తప్పదు.

సంగతేమిటంటే, నేను చేపలు పెంచుతున్నాను. నవ్వడం అయ్యాక మిగతాది చదువు.

ఆస్పత్రిలో ఆపరేషన్ పనిముట్లు ఉడకబెట్టే ఉద్యోగం నుంచి రిటైరయ్యాక నాకు పొద్దుపోవడం లేదని నీకు తెలుసు. నీ కాలు విరిగి మీ అక్క అక్కడికి వచ్చాక అది మరీ ముదిరింది. ఇంట్లో ఉన్న గిన్నెలన్నీ తోమాను. మర్నాడు మళ్ళీ తోమాను. వాడని గిన్నె మురికి కాదని మూడో రోజుకు గాని బుర్రకెక్కలేదు. అప్పుడు మా ఆస్పత్రి పాత డ్రైవరు వచ్చి తన ఫోన్‌లో ఒకాయన డాబా చూపించాడు. కింద తొట్టిలో చేపలు. పైన కంకర నింపిన ట్రేలో మొక్కలు. చిన్న మోటారు చేపల నీళ్ళను పైకి తోస్తుంది. చేపలు విడిచింది మొక్కలు తింటాయి, మొక్కలు వడకట్టిన నీళ్ళు మళ్ళీ చేపలకు దిగుతాయి. మట్టితో పని లేదట. మట్టితో పని లేదన్న ఆ ఒక్క మాటకు పడిపోయాను. నా సంగతి నీకు తెలియనిదా!

డ్రమ్మును అడ్డంగా కోయించి తొట్టి చేశాను. తిలాపియా చేపపిల్లలు తెచ్చి వదిలాను. పాలకూర గింజలు వేశాను. కంకరను మాత్రం నా పద్ధతిలో సిద్ధం చేశాను. నీళ్ళు తేటగా దిగేదాకా కడిగాను, బ్లీచింగ్ పొడిలో నానబెట్టాను, మళ్ళీ కడిగి ఉడకబెట్టాను. ఇప్పుడు నా కంకర మీద ఎవరికైనా ఆపరేషన్ చేయొచ్చు. కింది వాటాలో ఉండే టైలరమ్మ బట్టలు ఆరేయడానికి వచ్చి చూసింది.

"అన్నయ్యగారూ, ఏంటిది? రాళ్ళకి తలంటి పోస్తున్నారా?"

"చేపల కోసమమ్మా."

"చేపలు అడిగాయా?"

నేను మిగతా రాళ్ళు కడిగాను.

ఆకు కోతకు రావడానికి నెలా నెలన్నర పడుతుందట. నీ కాలు అతకడానికీ డాక్టరు అంతే చెప్పాడన్నావు. మీ అక్క తిరిగొచ్చే రోజుకు డాబా మీద ఆకుకూర ఉండాలని నా ఆలోచన. ఏది ముందు తయారవుతుందో చూద్దాం, నా పాలకూరో నీ కాలో.

ఇట్లు,
బావ.


బోర్డుల షాపు వెనక గది నుంచి,
శుక్రవారం.

బావగారికి నమస్కారాలు.

కాలు అలాగే ఉంది. ముందు అదే రాయమన్నారు, రాశాను. డాక్టరు ఎక్స్‌రే కాగితాన్ని వెలుతురుకు పట్టి చూసి "ఊఁ" అన్నాడు. ఆ "ఊఁ"లో ఎన్ని వారాలున్నాయో చెప్పలేదు.

పడడమైనా నలుగురిలా పడ్డానా? ఎముకల ఆస్పత్రికి బోర్డు రాస్తూ ఆ ఆస్పత్రి మెట్ల మీదే పడ్డాను. మోసుకెళ్ళే శ్రమ ఎవరికీ లేకపోయింది. 'విరిగిన' అనే మాట వరకు రాశాను, 'ఎముకలు అతుకబడును' మిగిలిపోయింది. లోపల నాకు కట్టు వేస్తుంటే బయట జనం ఆ ఒక్క మాటా చదువుకుంటూ పోయారట. పెళ్ళాం పిల్లలు లేనివాడికి కాలు విరిగితే ఎవరు చూస్తారని నలుగురూ జాలిపడ్డారు. అక్క వచ్చాక జాలి మానేసి, అదృష్టవంతుడంటున్నారు.

అక్క బాగానే ఉంది. తను వచ్చాక నా రెండు గదులూ గదుల్లా కనిపిస్తున్నాయి. రంగు డబ్బాల మధ్య మంచం దాకా దారి ఏర్పడింది.

మీ ఉత్తరం చదివి వినిపించాను. చేపలు అనగానే నవ్వలేదు. "కంకర ఉడకబెట్టారా?" అని మాత్రం అడిగింది. అవునన్నాను. "ఊరికే అడిగాలే" అంది.

నాకు చేపల గురించి ఏమీ తెలియదు. చేపల దుకాణానికి ఒకసారి బోర్డు రాశాను. చేప బొమ్మ వెయ్యమంటే వేశాను. దుకాణం వాడు అది చూసి, పక్కన 'చేప' అని కూడా రాయమన్నాడు. నా ప్రతిభ అంతవరకే.

ఇట్లు,
మీ బావమరిది.


డాబా మీద నుంచి,
ఆదివారం.

బావమరిదికి,

చేపలు పోయాయి. అన్నీ కాదు, మూడు మిగిలాయి. అవి ఎందుకు మిగిలాయో వాటికే తెలియాలి.

నా వైపు నుంచి లోపమేమీ లేదని రాద్దామని కూర్చున్నాను. చేసింది రాస్తాను, నువ్వే చూడు. వారం తిరగకుండానే కంకర మీద జిగురుగా పాకుడు పట్టింది. పాకుడు కంటపడితే నా చెయ్యి ఊరుకోదు. కంకరంతా దింపి, కడిగి, ఉడకబెట్టి మళ్ళీ నింపాను. తొట్టి గోడలు బ్రష్షుతో రుద్దాను. కుళాయి నీళ్ళు పట్టి నిండా పోశాను. మరుసటి వారం మళ్ళీ పాకుడు, మళ్ళీ కడుగుడు. చేపలు పైకి తేలి నోళ్ళు తెరవడం మొదలుపెట్టాయి. ఏదో అడుగుతున్నాయని ఇంకాస్త మేత వేశాను. తర్వాత అడగడం మానేశాయి.

మళ్ళీ చేపలమ్మేవాడి దగ్గరికి వెళ్ళాను.

"ఏం చేశారు సార్ వాటిని?"

"ఏం చేయలేదయ్యా. శుభ్రంగా ఉంచాను."

"శుభ్రంగా అంటే?"

చెప్పాను. వాడు సంచి తీయబోయిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. "మీకిప్పుడే ఇవ్వను సార్. ఓ నెల పోయాక రండి" అన్నాడు. డబ్బిచ్చి కొనుక్కునే వాడిని పట్టుకుని, పిల్లనివ్వనన్నట్టు పంపేశాడు.

పాలకూర మొలిచింది. ఆకులు కామెర్లొచ్చిన కళ్ళలా ఉన్నాయి. టైలరమ్మ చూసి "పాపం, వీటిని కూడా ఆస్పత్రిలో చేర్చారా అన్నయ్యగారూ" అంది.

ఈ ఉత్తరం మాత్రం మీ అక్కకు చదవకు. మొక్కలు పచ్చగా ఉన్నాయని చెప్పు. పసుపుపచ్చ కూడా పచ్చే కదా.

కాలు ఇంకా అలాగే ఉందా? ఇన్ని వారాలా? మా ఆస్పత్రిలో అయితే ఈపాటికి నిన్ను మెట్లెక్కించేవాళ్ళు. ఒత్తిడి చేయడం లేదు. ఊరికే అడుగుతున్నాను.

ఇట్లు,
బావ.


బోర్డుల షాపు వెనక గది నుంచి,
మంగళవారం.

బావగారికి నమస్కారాలు.

కాలు నొప్పిగానే ఉంది.

మీ చేపల సంగతి నాకు తెలిసినవాళ్ళతో చెప్పాను. వాళ్ళు చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను.

కంకర ముట్టుకోవద్దు. ఆ పాకుడు మురికి కాదు. అందులో కంటికి కనపడని క్రిములుంటాయి. చేపలు విడిచింది అలాగే ఉంటే నీళ్ళు విషమవుతాయి. దాన్ని మొక్కలకు తిండిగా మార్చేది ఆ క్రిములే. అవి కుదురుకోవడానికి నెలా నెలన్నర పడుతుంది. వారం వారం వాటిని మీరే చంపి, చేపలెందుకు చచ్చాయని ఊరంతా అడుగుతున్నారు. కుళాయి నీళ్ళలో క్రిములు చావడానికి మందు కలుపుతారు, కాబట్టి పట్టిన వెంటనే పోయొద్దు. వెడల్పు గిన్నెలో ఒకటి రెండు రోజులు ఎండలో ఉంచి, కొంచెం కొంచెం పోయండి. నోరు తెరిచిన ప్రతి దానికీ ఆకలి అనుకోకండి. మూడు చేపలకు చిటికెడు మేత చాలు. మిగిలినవాటిని వాటి మానాన ఉండనివ్వండి. తోమకుండా ఉండగలరా? ఉండలేకపోతే ఇప్పుడే ఆ మూడింటినీ ఎవరికైనా ఇచ్చేయండి.

అంతే చెప్పారు.

ఇక్కడ మా పెరట్లో కూడా ఒక తొట్టి వెలిసింది. ఈ మధ్య మొక్కల నర్సరీకి బోర్డు రాశాం. ఆ నర్సరీ ఆయన తన పాత తొట్టిలోంచి గుప్పెడు కంకర, నాలుగు చేపలు ఇచ్చాడు. పెరట్లో ఎండ తక్కువ. అందుకని మొక్కల ట్రే రేకుల మీద పెట్టి, పైపు అక్కడి దాకా లాగాం. గాలికి ఊగుతుంటే నేనే ఎక్కి తీగతో బిగించాను. పుదీనా బ్రహ్మాండంగా వస్తోంది.

ఇట్లు,
మీ బావమరిది.


డాబా మీద నుంచి,
శనివారం.

బావమరిదికి,

రేకులెక్కి పైపు బిగించిన కాలు ఏది? కుడిదా, ఎడమదా? లేక ఈ మధ్య నీకు మూడోది మొలిచిందా?

రెండోసారి చదివితే ఇంకోటి కనపడింది. నర్సరీకి బోర్డు "రాశాం" అన్నావు. మంచం మీద పడుకుని రాశావా?

మూడోసారి చదివాను. నీ ఉత్తరంలో సగం నీ మాటలు కావు. "తోమకుండా ఉండగలరా?" అని నన్ను అడిగే మనిషి భూమ్మీద ఒక్కతే. నీకు తెలిసినవాళ్ళట! నాకూ కొంచెం తెలుసులే వాళ్ళని.

కోపం లేదు. ఉందని రాద్దామనుకున్నాను, వెతికితే దొరకలేదు. పైపెచ్చు నవ్వొచ్చింది. నీ కాలు కోసం నేను ఎన్ని మంచి మాటలు రాశాను! ఆ కాలు రేకుల మీద నిలబడి అవన్నీ చదువుకుని ఉంటుంది.

కాలు నయమయ్యాక కూడా మీ అక్క అక్కడే ఉందంటే, ఉన్నది కాలు కోసం కాదు. నాకు ఆమాత్రం లెక్క వచ్చు. ఎందుకుందో రాయి. రాయడం ఇష్టం లేకపోతే మానేయి. కాదు, రాయి.

కంకర ముట్టుకోవడం లేదు. చెయ్యి దాని మీదికి పోతోంది, లాక్కుంటున్నాను.

ఇట్లు,
బావ.


బోర్డుల షాపు వెనక గది నుంచి,
గురువారం.

బావగారికి,

తలవంచుకుని రాస్తున్నాను. మీ రెండో ఉత్తరం వచ్చేసరికే కాలు నయమైంది. "ఇంకా నొప్పిగా ఉందని రాయరా" అంది అక్క. రాశాను. అక్క చెప్పింది రాయడం నాకు బళ్ళో చేరిన నాటి నుంచీ అలవాటు. నా అక్షరాలు దిద్దించింది తనే. అబద్ధమైనా గుండ్రంగా రాశాను.

మీరు అడిగింది ఎలా రాయాలో తెలియక రెండు కాగితాలు చించాను. జరిగింది రాస్తాను.

నేను కట్టుతో ఉండగా ఒక బేకరీ వాళ్ళు బోర్డు తొందరపెట్టారు. బోర్డు రేకు నేల మీద పెట్టుకుని, అక్షరాల అంచులు నేను గీశాను, మధ్యలో రంగు నింపమని అక్కకు ఇచ్చాను. మొదటి అక్షరంలోనే కుంచె జారి రంగు గీత దాటింది. నేను గుడ్డ తీసుకున్నాను.

"దిద్దుతావా?" అంది.

మామూలుగానే అడిగింది. కానీ కుంచె కింద పెట్టేసింది. నేను గుడ్డ పక్కన పడేసి, "ఎందుకక్కా, బాగానే ఉంది" అన్నాను. ఆ బోర్డు అలాగే బజార్లో ఉంది. 'బేకరీ'లో 'బే' కాస్త ఒళ్ళు చేసింది. దానివల్ల ఎవరూ రొట్టె కొనడం మానలేదు. ఇప్పుడు ఏ బోర్డు వచ్చినా గీత నాది, రంగు అక్కది. గీత దాటడం కూడా తగ్గింది.

కట్టు విప్పిన రోజు "మరి ఎప్పుడు వెళ్తావు?" అని అడిగాను. వెళ్ళగొట్టడానికి కాదు, టికెట్ తీయాలి కదా అని. అక్క గ్లాసులు కడుగుతోంది. "ఒరేయ్, ఇక్కడ నేను కడిగిన గ్లాసు కడిగినట్టే ఉంటుంది" అంది. మీ ఇంట్లో ఏం జరుగుతుందో నేను అడగలేదు. తనూ చెప్పలేదు. వస్తాననలేదు, రాననలేదు. ఈ ముక్క మీకు రాయమని కూడా అనలేదు, నా అంతట నేనే రాస్తున్నాను.

దీనితో పాటు ఒక పార్సెల్ వస్తుంది. పెరట్లో తొట్టి అక్కదేలెండి, అందులో నుంచి తీసిన గుప్పెడు కంకర. తడి ఆరకుండా గుడ్డలో చుట్టి సంచిలో పెట్టింది. మీ కంకరలో కలిపేయండి. దాని మీదున్న పాకుడు మీ దానికీ పాకుతుంది, నెల పట్టేది వారంలో అవుతుంది. "పెళ్ళయ్యాక ఆయనకి నా చేత్తో మురికి పంపడం ఇదే మొదలు" అని నవ్వింది. బావగారూ, ఆ సంచి కట్టాక గాలి ఆడుతుందో లేదో అని మళ్ళీ విప్పి కట్టింది. పోస్టాఫీసులో కూడా ఒకసారి విప్పింది.

ఇట్లు,
మీ బావమరిది.


డాబా మీద నుంచి,
బుధవారం.

బావమరిదికి,

పార్సెల్ అందింది. ఉడకబెట్టాను.

ఇంకోసారి చదవక్కర్లేదు, సరిగ్గానే చదివావు.

కావాలని చేయలేదు. చేయకూడదని తెలియకా కాదు. నీ ఉత్తరం జేబులోనే ఉంది. సంచి విప్పాను, వాసన ముక్కుకు తగిలింది. ఉద్యోగం చేసినన్నాళ్ళూ నా చేతికి ఎవరేమిచ్చినా ఉడకబెట్టి తిరిగిచ్చాను. కత్తెరిస్తే కత్తెర, పటకారిస్తే పటకారు. ఎందుకని అడిగిన రోజు లేదు. చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి. నేను పక్కన నిలబడి వేరే సంగతి ఆలోచిస్తున్నాను. ఏమాలోచిస్తున్నానో కూడా రాస్తాను. మీ అక్క ఈ సంచి ఎన్నిసార్లు విప్పి కట్టిందో కదా అని ఆలోచిస్తున్నాను.

నీళ్ళు మరుగుతుండగా టైలరమ్మ గుమ్మంలోకి వచ్చింది.

"ఏం వండుతున్నారు అన్నయ్యగారూ?"

"మీ వదిన పంపిందమ్మా."

"అబ్బో! ఏం పంపారేంటి?"

"కంకర."

ఆ మాట నా నోట్లో నుంచి బయటికొచ్చి నా చెవిన పడ్డాక పొయ్యి ఆర్పాను. ఆర్పి ఏం లాభం! టైలరమ్మ మూత తీసి గిన్నెలోకి చూసింది, నా వైపు చూసింది. జోకు వేస్తుందనుకున్నాను. వేయలేదు. మూత పెట్టేసి కిందికి వెళ్ళిపోయింది. ఆవిడ ఏదో ఒకటి అని ఉంటే బాగుండేది.

మీ అక్కకు చెప్పు. ఈసారి చెప్పొద్దనను.

ఇట్లు,
బావ.


బోర్డుల షాపు వెనక గది నుంచి,
సోమవారం.

బావగారికి,

చెప్పాను. ముందు నవ్వింది. "ఉడకబెట్టారా? నిజంగా ఉడకబెట్టారా? ఉప్పేశారా?" అని పొట్ట పట్టుకుని నవ్వింది. చేతిలో కుంచె ఉంది, ఎర్ర రంగు గడప నిండా చిందింది. నేనూ నవ్వాను. నేను ఇంకా నవ్వుతుండగానే తను ఆపేసింది.

"ఇంక ఆయనకేమీ పంపకురా" అంది.

సాయంత్రం మంచం కింద నుంచి తన పెట్టె బయటికి లాగింది. బీరువాలో ఒక అర ఖాళీ చేసిమ్మంది. ఇన్నాళ్ళూ బట్టలు పెట్టెలోనే ఉండేవి, ఏ పూట కావాలంటే ఆ పూటకు తీసుకునేది. నా పాత చొక్కాలు తీసి అర ఇచ్చాను. చీరలు మడిచి సర్దుకుంది.

నేనేం చేయను బావగారూ? తను నాకు అక్క. మీరు బావ. ఎవరి వైపు మాట్లాడినా రెండోవాళ్ళ అన్నం తిన్నవాణ్ణే.

ఇట్లు,
మీ బావమరిది.


డాబా మీద నుంచి,
ఆదివారం.

బావమరిదికి,

నువ్వు రాయలేదు, నేనూ రాయలేదు. నెల దాటిపోయింది.

నీ ఉత్తరం వచ్చిన రోజే డాబా తలుపుకు తాళం వేసి, చెవి టైలరమ్మకు ఇచ్చాను. పొద్దున చేపలకు మేత వేయడానికి మాత్రమే ఇవ్వాలని, బ్రష్షుతో వస్తే ఇవ్వొద్దని చెప్పాను. ఆవిడకు ఆ ఉద్యోగం బాగా నచ్చింది. తాళంచెవి ఇచ్చే ముందు "చేతులు చూపించండి" అంటుంది. చూపిస్తాను. ఒకరోజు నా వెనక జేబులో పాత పళ్ళ బ్రష్షు దొరికింది. అది అక్కడికెలా వచ్చిందో నాకు తెలియదన్నాను. "నాకు తెలుసు" అని లాక్కుంది.

ఖాళీ చేతులతో ప్రమాదమని ఆవిడే తన దగ్గరికొచ్చిన పాత బట్టల కుట్లు విప్పే పని అప్పజెప్పింది. రిటైరయ్యాక దొరికిన మొదటి ఉద్యోగం ఇది. బాగానే విప్పుతున్నానట.

తొట్టి నీళ్ళు మొదట బురద రంగుకు తిరిగాయి, తర్వాత ఆకుపచ్చగా మారాయి. కంకర మీద పాకుడు దళసరిగా పట్టింది. చూడలేక రెండు రోజులు కళ్ళు మూసుకుని మేత వేశాను. లోపల చేపలు కనపడవు. మేత వేస్తే ఒక బుడగ వస్తుంది, మేత మాయమవుతుంది. మూడున్నాయో ఒకటుందో తెలియదు. పాలకూర మాత్రం తేరుకుంది. కొత్త ఆకులు అరచేయంత ఉన్నాయి, పసుపు లేదు. నేనేం చేశానని చేపలమ్మేవాడు అడిగితే ఏమీ చేయలేదన్నాను. ఈసారి నమ్మాడు.

మీ అక్కను రమ్మని రాయడానికి ఈ కాగితం తీశాను. ఇంతవరకు రాసింది చూసుకుంటే అంతా పాకుడే.

తను వెళ్ళిన నాటి నుంచి నీ కాలు ఎప్పుడు నయమవుతుందని అడిగాను గాని, తనను ఒక్కసారీ రమ్మని అడగలేదు. ఇప్పుడు అడుగుతున్నాను. రమ్మను. రాననుకుంటే బీరువాలో ఇంకో అర ఇవ్వు. ఒక అర చాలదు తనకు, చలికాలం బట్టలన్నీ ఇక్కడే ఉన్నాయి, పంపుతాను. ఉతకకుండా పంపుతాను.

ఇట్లు,
బావ.


తమ్ముడి గది నుంచి,
గురువారం.

ఏమండీ,

మీరు వాడికి రాసినవన్నీ చదివాను. వాడు దాచిపెట్టానని అనుకున్నవి కూడా చదివాను. ఈ ఇంట్లో ఏది ఎక్కడుందో వాడికన్నా నాకే తెలుసు.

చలికాలం బట్టలు పంపకండి. శనివారం మధ్యాహ్నం బస్సుకు వస్తున్నాను.

బోర్డుల పని వదలను. నెలలో పది రోజులు ఇక్కడ, మిగతావి అక్కడ. ఆ పది రోజులూ మీ కోసం నేను ఏదీ వండిపెట్టి వెళ్ళను, మీరూ ఎప్పుడొస్తావని రోజూ అడగకండి. ఇది మీకు ఇష్టమైతే బస్టాండుకు రండి. ఇష్టం లేకపోయినా రండి, పెట్టె బరువుగా ఉంది.

నేను వచ్చేలోపు ఇల్లు కడగొద్దు.

- నేనే.


డాబా మీద నుంచి,
మంగళవారం.

బావమరిదికి,

బస్సు సరిగ్గానే వచ్చింది. నేనే చాలా ముందు వెళ్ళి, అక్కడి బెంచీ మీద మూడు బస్సుల జనాన్ని చూశాను. పెట్టె నిజంగానే బరువుగా ఉంది. అందులో సగం నీ రంగు డబ్బాలని ఇంటికొచ్చి విప్పాక తెలిసింది. ఇక్కడ టైలరమ్మ షాపుకు బోర్డు రాస్తుందట. గీత గీసేవాడు లేడు కదా అన్నాను. "గీత లేకుండా రాస్తాను" అంది. డబ్బాలు తీసి వరసగా పెట్టాను.

ఇల్లు కడగలేదు. గుమ్మంలో నా చెప్పుల గుర్తులు చూసి నాకే కంగారు పుట్టింది. తను వాటి మీదుగానే నడిచి లోపలికొచ్చింది.

కాళ్ళు కడుక్కుని నేరుగా డాబా ఎక్కింది. టైలరమ్మ తాళంచెవి తెచ్చి, "వదినా, ఈయన చేతులు చూసి పంపండి" అని అప్పగించింది. వాళ్ళిద్దరూ నా ముందే నవ్వుకున్నారు. మీ అక్క ట్రేలోంచి పిడికెడు కంకర తీసి ముక్కు దగ్గర పెట్టుకుంది.

"చేపలెన్ని ఉన్నాయి?"

"తెలీదు."

"చూడలేదా?"

"కనపడవు."

"సరేలెండి" అంది. కంకర మళ్ళీ ట్రేలో వేసి, చెయ్యి చీరకే తుడుచుకుంది.

పాలకూర కోసింది. నేను గిన్నె పట్టుకుని నిలబడ్డాను. ఆకు ఒక్క నీళ్ళలో జాడించింది. రెండో నీళ్ళు నేను పోయలేదు. వండింది. కూర్చున్నాం. మొదటి ముద్దలోనే పంటి కింద రాయి పడింది. చిన్నది, కరక్కుమంది. ఆ చప్పుడు తనకూ వినిపించింది. ముద్ద కలుపుతున్న చెయ్యి ఆపి నా వైపు చూసింది.

"ఏంటి?"

"ఆకు లేతగా ఉంది" అన్నాను. నమిలి మింగాను.

"ఇంకొంచెం వెయ్యనా?"

"వెయ్యి."

రెండోసారి వేసినదాంట్లో కూడా ఉంది.

వచ్చే నెల మొదట్లో బస్సెక్కిస్తాను. పెద్ద పెద్ద బోర్డులు ఒప్పుకోకు. పది రోజుల్లో అయిపోయేవే ఒప్పుకో.

ఇట్లు,
బావ.